ఉత్తరం గోడ కింద స్టూలు

పని మానేసి పదేళ్ళు దాటినా సొలొమోను తాతయ్య బైబిల్లో సిమెంటు పొడి ఉండేది. కీర్తనల దగ్గర తెరిచి దులిపితే బూడిదరంగు నలుసులు ఒళ్ళో రాలేవి. జన్మంతా తాపీ పట్టిన చేతులు కదా, ఎంత కడిగినా వదలదు కాబోలని మనవరాలు జాయిస్ అనుకునేది. అది చేతుల్లోంచి రాలే పొడి కాదని ఆయన ఆఖరి వారంలో గానీ తెలియలేదు. తెలిసిన దగ్గర్నుంచి ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు.

నందిగామ చుట్టుపక్కల ఆయన తాపీ తగలని వీధి లేదంటే నమ్మాలి. నిక్కచ్చి మనిషి. ఎవరైనా గోడ వంకరగా కడితే, "పైన పటారం, లోన లొటారం" అని మొహంమీదే అనేసేవాడు. పేరుకి తగ్గట్టు గుడి కూడా కట్టాడు. బైబిల్లో సొలొమోను రాజు గనక కట్టించాడు, మనవాడు రాజు కాదు గనక తనే రాళ్ళు మోశాడని ఊళ్ళో వేళాకోళం. ఎనభైనాలుగులో పల్లెజనం పగలు కూలికెళ్ళి, పొద్దువాలాక మట్టి తట్టలెత్తితే, రూపాయి పుచ్చుకోకుండా కట్టిన గుడి అది. ఆయనకి చెప్పుకోవడానికి ఆస్తి అన్నా, బిరుదు అన్నా అదొక్కటే.

ఆ గుళ్ళో మగవాళ్ళు ఉత్తరంవైపు, ఆడవాళ్ళు దక్షిణంవైపు చాపలమీద కూర్చుంటారు. తాతయ్యకి మోకాళ్ళు వంగవని ఉత్తరం గోడ పక్కన ఒక స్టూలు వేశారు. దాని దరిదాపులకి ఎవరొచ్చినా చేతికర్రతో అవతలికి తోలేవాడు. సొంత కొడుకైనా అంతే. పెద్దాయన చాదస్తమని నవ్వుకుని జరిగేవాళ్ళు. పోనుపోను, ఆయన చుట్టూ నాలుగు చాపల మేర ఖాళీ వదలడం అందరికీ అలవాటైపోయింది.

ఈ వేసవి చివర్లో మంచం పట్టాడు. జాయిస్ జగ్గయ్యపేటలో లెక్కల టీచరు. సెలవు పెట్టి వచ్చి పక్కనే కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"గుడికి మూడు గోడలకీ పునాది మనిషిలోతు తవ్వా. గట్టినేల తగిలింది. ఆ ఉత్తరం గోడకి మాత్రం నడుములోతుకే ఆపేసా తల్లీ. క్రిస్మస్ ఆరాధన కొత్తగుళ్ళోనే అని అందరికీ మాటిచ్చింది నేనే."

కింద ఉన్నది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పైనున్న గోడని ఊరికే ఉండనివ్వదు. స్టూలు వెనక పగులు కనబడ్డప్పుడల్లా ఆయన దానికి అడ్డంగా వేలెడు సిమెంటు పూసి, తడి ఆరకముందే మేకుతో తారీఖు గీసేవాడట. ఆ అతుకు చిట్లితే గోడ ఇంకా కదులుతోందని గుర్తు. జాయిస్ వెళ్ళి చూసింది. మొత్తం ఐదు అతుకులున్నాయి. ఐదూ నడిమికి చిట్లి ఉన్నాయి. మరీ భయం వేసిందేమిటంటే, పైదానిమీద పోయిన ఉగాదినాటి తారీఖుంది; పూసి మూణ్ణెల్లయినా కాకుండానే చిట్లింది.

తిరిగొచ్చి, ఎవరికైనా చెప్పొచ్చుగా తాతయ్యా అని ఏడ్చింది.

"సిగ్గయింది. పడితే నామీదే పడాలని కూర్చున్నా. నేను పోయాక ఆ చోట ఎవర్నీ కూర్చోనీకు."

నాలుగోరోజు పోయాడు.

జాయిస్ ముందు తండ్రికి చెప్పింది. వరప్రసాదరావు రిటైరైన హెడ్మాస్టరు, తండ్రంటే ప్రాణం. పెదవి దాటితే పృథివి దాటుతుంది, పోయినవాడి పేరు బజారుకెక్కించకు అని కసిరాడు. పాస్టర్ థామస్ గారేమో వానలు వెలిశాక ఎవరికైనా చూపిద్దామమ్మా అన్నారు. ఈలోగా సంఘమంతా తలా కాస్త వేసుకుని, తాతయ్య పేరు చెక్కించిన నల్లరాతి ఫలకం తెప్పించారు. ఎక్కడ పెట్టారో తెలుసా? సరిగ్గా ఆ స్టూలు పైన. మిషనుతో గోడకి నాలుగు బెజ్జాలు వేసి, కింద వికారంగా ఉన్న ఆ అతుకులమీద పుట్టీ రాసి రంగేశారు. ఎంత ప్రేమో చూడండి, ప్రేమగానే చేశారు.

జ్ఞాపకార్థ కూడిక ఆగస్టులో పెట్టుకున్నారు. అప్పటికి ఆరు రోజులుగా వాన. కంచికచర్ల, పరిటాల నుంచి కూడా చుట్టాలు దిగారు. స్టూలు మీద తాతయ్య ఫోటో, దానికో దండ. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ నాలుగు చాపల చోటు కూడా నిండింది. మగవాళ్ళు గోడకి వీపులానించి మరీ కూర్చున్నారు.

తాతయ్య గురించి రెండు మాటలు చెప్పమని పాస్టరుగారు పిలిచారు. లేచి నిలబడింది.

"ఈ గోడకి పునాది చాల్లేదు. మా తాతయ్యే మధ్యలో ఆపేశాడు. ఆయనే చెప్పాడు నాకు. దయచేసి లేచి ఇటు రండి."

ఎవరూ లేవలేదు. దుఃఖంలో మతి చెదిరింది పాపం అని ఎవరో అన్నారు. నలభైఏళ్ళు నిలబడ్డ గోడ ఇవాళ పడుతుందా అని, స్టూలు పక్కనే కూర్చున్న సంఘపెద్ద బుల్లిబాబు దాన్ని అరచేత్తో చరిచి చూపించాడు. వరప్రసాదరావు తలెత్తలేకపోయాడు. ప్రార్థన చేసుకుందామన్నారు పాస్టరుగారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. జాయిస్ తాతయ్య బైబిలు తీసుకుని, ఆడవాళ్ళ వైపు నుంచి నడవ దాటింది. ఫోటో తీసి కింద పెట్టి, స్టూలు మీద కూర్చుంది. ఆ గుళ్ళో ఆడమనిషి అటువైపు కూర్చోవడం అదే మొదలు. పక్కనున్న బుల్లిబాబు కళ్ళు తెరిచి, మోకాలు ముడుచుకుని ఇబ్బందిగా జరిగాడు. ఆయన జరిగాడని ఇంకొకరు. మాటకి కదలనివాళ్ళు సిగ్గుకి కదిలారు. ప్రార్థన నడుస్తుండగానే నాలుగు చాపలూ ఖాళీ అయ్యాయి.

వరప్రసాదరావు మాత్రం విసవిసా ఎదురొచ్చాడు. పరువు తీసింది చాలు, ఇంటికి పదమని గొంతు తగ్గించి అన్నాడు. ఆమె బైబిలు కీర్తనల దగ్గర తెరిచి ఒళ్ళో పెట్టుకుంది. పేజీమీద ఒక నలుసు రాలింది. తర్వాత సన్నగా, ఆగకుండా, బూడిదరంగు పొడి.

ఆ పొడి వరప్రసాదరావుకి కొత్త కాదు. ప్రతి ఆదివారం ఇంటికొచ్చాక తండ్రి బైబిల్లోంచి తను తుడిచింది అదే. తలెత్తి చూశాడు. ఫలకం కింద కొత్త రంగు నిలువునా చీలి ఉంది.

"అందరూ బయటికెళ్ళండి. మా నాన్న తప్పే. వెళ్ళండి," అన్నాడు ఏడుస్తూ.

పిల్లల్ని చంకనేసుకుని జనం వానలోకి పరిగెత్తారు. గోడ లోపల ఎక్కడో ఎండు కంకులు నలిగినట్టు చప్పుడు మొదలైంది. తండ్రి చెయ్యి పట్టుకు లాగుతున్నా, ఆఖరి మనిషి గడప దాటేదాకా జాయిస్ ఆ స్టూలు మీంచి లేవలేదు.