సహర్ లెక్కను ఆబ్జెక్టులోంచి తీసిన రోజు

పగటినీ రాత్రినీ వాటి హద్దుల్లో నడిపించే అల్లాహ్‌కే సమస్త ప్రశంసలు. ఆయన నిర్ణయించిన సూర్యాస్తమయం మన లెక్కల కోసం ఆగదు.

ఇబ్రహీంపట్నంలో మా మసీదు సైరన్‌ను రంజాన్ నెలంతా మౌజన్ సాబ్ చేత్తో నొక్కేవారు. తెల్లవారుజామున సహర్ భోజనం ముగించమని ఒకసారి, సాయంత్రం ఇఫ్తార్‌తో రోజా, అంటే ఉపవాసం, విరమించమని ఒకసారి అది మోగేది. నమాజుకు పిలిచే అజాన్ ఇచ్చేదీ ఆయనే. మోకాళ్ల నొప్పితో మేడమీది స్విచ్ దాకా ఎక్కలేకపోతున్నారని, అది దానంతటదే మోగే ఏర్పాటు చేయమని కమిటీ నన్ను అడిగింది. నేను ఆదిబట్ల దగ్గర ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. ఒప్పుకున్నాను.

మౌజన్ సాబ్ మాత్రం సంతోషించలేదు.

"బేటా, పొద్దుగాల సైరన్ జర ఆలస్యమైందనుకో, తినుకుంట కూసున్నోళ్ల రోజా పోతది. అల్లా ముంగట జవాబు చెప్పేది నేను, నీ డబ్బా కాదు."

మేము ఆఫీసులో వాడే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో పనిని రెండు రకాలుగా అమర్చవచ్చు. ఒకే విషయానికి చెందిన లెక్కలన్నిటినీ ఒకచోట చేర్చి, లోపలిది దాచి, అవసరమైనంతే బయటికి ఇచ్చేది మాడ్యూల్. తన వివరాలు తన దగ్గరే ఉంచుకొని, చెప్పిన పనిని తనదైన తీరులో చేసేది ఆబ్జెక్ట్. ఒక ఆబ్జెక్టు నుంచి మరొకటి పుట్టించి, కావలసిన భాగం మార్చుకోవచ్చు. నేను మొదట అంతా ఆబ్జెక్టులతోనే రాశాను. 'మసీదు' అని ఒకటి, దాని నుంచి పుట్టిన 'మా మసీదు' మరొకటి.

మా పెద్దలు ఇఫ్తార్ సమయానికి కొన్ని నిమిషాలు ఎహతియాత్ కలుపుతారు, అంటే ముందుజాగ్రత్త. మూల ఆబ్జెక్టులో అది సున్నా. మా మసీదుకు ఆ ఒక్క భాగమే మార్చాను. రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలో సరిచూస్తే ఇఫ్తార్ సరిగానే వచ్చింది, సహర్ సైరన్ మాత్రం ఆలస్యమైంది. సహర్ లెక్క కూడా అదే ఎహతియాత్‌ను పిలిచి కలుపుకుంటోంది. సాయంత్రం కలపాల్సిన ఆ నిమిషాలను తెల్లవారుజామున తీసివేయాలి. సున్నా ఉన్నంత కాలం ఆ తేడా బయటపడలేదు.

ఆఫీసులో నా పక్క సీటు అక్కది కందుకూరు. తెర చూసి నవ్వింది.

"మసీదుకొక సూర్యుడున్నడా తమ్మీ?"

"లేడక్కా."

"మరి గా లెక్కను ఆబ్జెక్టుల ఎందుకు పెట్టినవ్? ఎవలడిగినా ఒక్కటే చెప్పాలె గది. మాడ్యూల్‌ల పెట్టు. ఎవ్వరూ గెలకనీకి రాకుండ చెయ్యి."

"అయితే ఆబ్జెక్టులన్నీ తీసేస్త."

"నీకు చెంచెడు మందు చెప్తే సీసా అంత తాగుతవ్. సైరన్ ఉన్నది, మైకున్నది, చెవులు వినరానోళ్లకు పచ్చ లైటున్నది. ఒక్కొక్కదాని తీరొక్కటి. రేపు ఇంకోటి తెస్తరు. అవి ఉండనీ."

అలాగే చేశాను. సమయాల లెక్క మాడ్యూల్‌లోకి వెళ్లింది. ఇఫ్తార్‌కు, సహర్‌కు వేర్వేరు రకాల సమయాలు పెట్టాను. సహర్ సమయం నుంచి నిమిషాలు తీయవచ్చు, బయటివాళ్లెవరూ కలపలేరు. సైరన్, మైకు, లైటు ఆబ్జెక్టులుగా ఒక వరుసలో నిలిచాయి. "మోగు" అంటే సైరన్ అరుస్తుంది, లైటు వెలుగుతుంది. ఇప్పటికీ నా పద్ధతి అదే. అందరికీ ఒకే జవాబు ఇవ్వాల్సిన లెక్కకు మాడ్యూల్. తీరు వేరైనా ఒకే వరుసలో నిలబడి, ఒకే మాట వినాల్సిన వాటికి ఆబ్జెక్ట్. చాలాసార్లు మాడ్యూలే సరిపోతుంది.

మొదటి రోజా నాడు మౌజన్ సాబ్ ఆ మోకాళ్లతోనే మేడెక్కి స్విచ్ పక్కన కూర్చున్నారు. సైరన్ వేళకే మోగింది. తెల్లవారుజాము ఫజర్ నమాజు తర్వాత నన్ను అడిగారు.

"నేను పైన లేకున్నా గిట్లనే మోగుతదా?"

"అవ్ సాబ్."

ఆయన మర్నాడు మేడ ఎక్కలేదు. ఇంట్లో భార్యతో కూర్చొని నింపాదిగా సహర్ తిన్నారని తర్వాత తెలిసింది.

చదువుతున్నవారు ఒక్కసారి నాతోపాటు చేతులెత్తండి. ప్రభూ, మేము రాసిన దానివల్ల ఎవరి ఉపవాసమూ చెడనివ్వకు. మమ్మల్ని నమ్మి కింద ఉండిపోయినవారిని సిగ్గుపడనివ్వకు. ఆమీన్ అనండి.