చైనా పంతులు తెంపిన గెట్టు పంచాయితి

ఆ రోజుల్లో మా ఊళ్లో కొలువంటే పట్వారీ కొలువే. నల్లగొండ కాలేజీలో ఆధునిక చైనా చరిత్ర, దేశాల మధ్య సంబంధాలు చెబుతానంటే మా కట్టంగూరులో నన్ను జాలిగా చూసేవారు. చైనాతో సరిహద్దు గొడవ రేగాక మాత్రం నా దశ తిరిగింది. సెలవుకు ఊరికి వెళ్తే చాలు, జనం చుట్టూ చేరేవారు. నేను పుల్లతో నేల మీద హిమాలయాలు గీసి, ఆ యుద్ధమేదో నన్నడిగి మొదలుపెట్టినట్టు మాట్లాడేవాణ్ని (కుర్రతనం మరి, నోరు ఊరుకుంటుందా!).

అదే నా కొంప ముంచింది. మా బాపుకూ పక్కచేను మామకూ పొలం గెట్టు దగ్గర ఏళ్లుగా తెగని తగాదా. ఓ రోజు బాపు అందరి ముందూ అననే అన్నాడు: "దేశాల గెట్లు తెంపెటోనివి, మన గెట్టు తెంపరాదా? తెంపితే కొలువు జేస్కో. లేకుంటే గా చైనా ఇడిశిపెట్టి నాగలి పట్టు."

నాకు కాలేజీ అంటే ప్రాణం, నాగలంటే భయం. చదివిన పుస్తకాలన్నీ తలుచుకుని తీర్పు చెప్పాను: గెట్టు రాళ్లు పీకేసి ఇద్దరూ చెరో నాలుగు సాళ్లు వదలాలి, నడుమ జాగా ఎవరిదీ కాదు (మా పాఠాల్లో దాన్ని తటస్థ మండలం అంటారు). మామ మురిసిపోయాడు. "అల్లుడు సదువుకున్నోడు, తండ్రి దిక్కు మాట్లాడలే!" నేను నల్లగొండ బస్సెక్కి, ఆ వారమంతా తరగతిలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

మళ్లీ ఊరికొచ్చేసరికి ఎవరిదీ కాని ఆ జాగాలో మా అవ్వ (మా వైపు అమ్మను అలాగే అంటాం) బర్రెను కట్టేసి కూర్చుంది. "ఎవ్వలది గాదంటివి గద బిడ్డా, ఉత్తగ పోతాందని నేనే కట్టేసిన" అంది చల్లగా. మామ ఊగిపోయాడు. "గిదేనా అల్లుడా నీ చైనా సదువు? నాతోని జాగా ఇడిపిచ్చి మీ బర్రెను కడ్తరా?" అంతలో బర్రె తలుగు తెంపుకుంది. అందరిలో అదొక్కటే నిజమైన తటస్థురాలు, రెండు చేన్ల జొన్ననూ సమానంగా మేసింది.

దాంతో బాపూ మామా ఒక్కటయ్యారు. కలిసి బర్రెను పట్టుకున్నారు, కలిసి రాళ్లు పాతారు, కలిసి నన్ను తిట్టారు. ఆ తిట్ల సంబురంలో రాయి ఎక్కడ పాతాలన్న తగువే మరిచిపోయారు. ఇక నాగలి తప్పదని తల దించుకుని నిలబడ్డాను. బాపు చేతుల మట్టి దులుపుకుంటూ అన్నాడు: "వద్దు బిడ్డా, నువ్వు కాలేజీకే పో. చైనా దూరముంది, జర తట్టుకుంటది. కట్టంగూరు తట్టుకోదు."

ఆ మాట పట్టుకునే రిటైరయ్యేదాకా పాఠం చెప్పాను. తటస్థ మండలం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రెండు గీతలు గీసి, ఓ క్షణం ఆగిపోయేవాణ్ని. పిల్లలు నేనేదో లోతుగా ఆలోచిస్తున్నాననుకునేవారు. నాకు ఆ రెండు గీతల నడుమ మా అవ్వ, పలుపు పట్టుకుని, నిశ్చింతగా కూర్చుని కనబడేది.