చేట ఇచ్చి కొండకేసి చూడు

సిటీ బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. చాలాకాలం అది నా మీద జనానికున్న గౌరవం అనుకున్నాను. పెద్ద పెద్ద ఆఫీసర్లకే దక్కని మర్యాద, ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయిన నాకు దక్కిందంటే మాటలా! మొన్న భీమిలి నుంచి వస్తుంటే ముందు సీట్లో చిన్నపిల్ల వెనక్కి తిరిగి, ముక్కు పట్టుకుని, "అమ్మా, ఈ తాత దగ్గర సేపలున్నాయే" అంది. వాళ్లమ్మ దాని నోరు మూసింది. తాత అన్నందుకు బాధపడ్డాను గానీ చేపల మాట నిజమే. చొక్కా చెయ్యి ముక్కుకు ఆనించి చూసుకున్నాను. ఎండు నెత్తళ్లు, ఉప్పు, గోనెసంచి, వాటి వెనక ఎక్కడో కాస్త పచ్చి అల్లం. ఆ వాసన తగిలేసరికి నూకాలమ్మత్త వచ్చి ఆ ఖాళీ సీట్లో కూర్చున్నట్టే అయింది.

నూకాలమ్మత్త నాకు ఏ వరసా కాదు. వాళ్లది భీమిలి ఒడ్డున వలలు వేసుకునే కుటుంబం. మాది గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి గాజువాకలో స్థిరపడిన కుటుంబం. నేను ఉక్కునగరం వైపు కాంట్రాక్టు పని కోసం తిరుగుతూ, అది దొరకని రోజున అద్దె ట్రాలీ ఆటో నడిపేవాణ్ని. కొత్తగా పెళ్లయింది. "ఈరోజు ఏ పని?" అని మా ఆవిడ అడిగితే రోజుకో జవాబు వెతుక్కోవలసి వచ్చేది. ఆ రోజుల్లో ఎండుచేపల బస్తాలు అరకు సంతకు చేర్చాలని ఒకావిడ వచ్చింది. పొట్టిగా, గట్టిగా, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తూ ఉంది. నిప్పు నోట్లో పెట్టుకున్న మనిషితో బేరం ఎవరాడతారు? చెప్పిన కిరాయికి ఒప్పుకున్నాను.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కినంతసేపూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. అనంతగిరి దగ్గర మంచు కమ్మేస్తే హారన్ కొట్టబోయాను. ఆమె చుట్ట తీసి అంది: "ఒరే గుంటడా, బండికి మళ్లీ హారన్ కూడా ఎట్టించినావేటిరా? నువ్వున్నావు గదా!"

నన్ను మించిన నోరు తగలడం అదే మొదటిసారి. మరుసటి శుక్రవారం సంతకు పిలవకుండానే వెళ్లాను.

ఆ సంతకు వచ్చేది చుట్టుపక్కల కొండల మీది ఆదివాసీలు. తెల్లవారుతూనే నెత్తిన గంపలతో బారులుగా దిగుతారు. అల్లం, పసుపు, చింతపండు, రాజ్మా, కొండచీపుళ్లు తెచ్చి అమ్ముకుని, ఉప్పూ నూనే బట్టలూ ఎండుచేపలూ పట్టుకెళతారు. కొనడం సగం పనే. పక్క కొండకు ఇచ్చిన కూతురితో కూర్చుని ఇంత తిని, నాలుగు మాటలు చెప్పుకోవడం మిగతా సగం. అత్త చోటు టీకొట్టు పక్కన గట్టు మీద. కింద పరుచుకునే గోనె చిరిగితే మార్చింది గానీ చోటు ఎన్నడూ మార్చలేదు. పక్క దుకాణాల వాళ్లు గొంతు చించుకుని పిలుస్తుంటే ఆమె నోరు తెరిచేది కాదు. ఎవరైనా వచ్చి కూర్చుంటే చేట ముందుకు తోసి, మొహం కొండవైపు తిప్పుకునేది. వాళ్లు ఒక్కొక్క చేపా ఎత్తి, వాసన చూసి, తల విరిగినవి పక్కన పెట్టి, తీరిగ్గా ఏరుకునేవాళ్లు. అయ్యాక చేటకు గాజులు తగిలేలా ఒకసారి తట్టేవాళ్లు. అప్పుడే ఆమె ఇటు తిరిగేది. సోలతో కొలిచి, పైన గుప్పెడు కొసరు వేసి, అడ్డాకులో కట్టి ఇచ్చేది.

నాకు ఉండబట్టలేదు. "అత్తా, నువ్వటు తిరిగితే రెండు ఒళ్లో వేసుకోరా?"

"ఏసుకుంటే రొండు సేపలు పోతాయి. సూత్తా కూకుంటే సంతే పోతాది."

"అదెలాగ?"

"వారమంతా కట్టెలూ, పొలం, పిల్లలూ. ఈ ఒక్క పూట ఆడది తనకి నచ్చింది తాను ఏరుకుంటాది. ఆ పూట కూడా నువ్వు కావలి కాత్తావేటిరా?"

నాకు అర్థమైనట్టే తలూపాను. తలూపడం బళ్లో బాగా నేర్పించారు.

ఏడాది తిరిగేసరికి అత్త మోకాళ్లు ఘాట్ రోడ్డు కుదుపులకు మొరాయించాయి. ఆమె అక్క కొడుకు ఆ చోటు తనకిమ్మని ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. నాకూ ఆశ ఉంది. ఆ గోనె దొరికితే మా ఆవిడకు చెప్పుకోవడానికి ఒక పనంటూ ఉంటుంది. అత్త ఇద్దరికీ వినిపించేలా తీర్పు చెప్పింది.

"రొండు వారాలు నాను రాను. వీడు కూకుంటాడు. సొంబారి వొచ్చి వీడి ముందు కూకుందా, గోనె వీడిది. కూకోలేదా, నీది."

సొంబారి మాకు మొదటి బేరం. వాళ్ల ఊరి ఆడవాళ్లకు ఆవిడే పెద్ద. ఆవిడ ఎక్కడ కూర్చుంటే మిగతా వాళ్లు అక్కడ కూర్చుంటారు, ఆవిడ లేస్తే అందరూ లేస్తారు. సంతలో ఓటు అలాగే పడుతుంది.

మొదటి శుక్రవారం సొంబారి ఇంకా దూరంగా ఉండగానే నేను లేచి నిలబడ్డాను. "రా అక్కా, రా! నీకోసమే తెచ్చాను!" ఆవిడ వంగి చేటలో చెయ్యి పెట్టింది. నా చెయ్యి కూడా పెట్టేశాను. "అవి కాదక్కా, ఇవి చూడు, ఎంత తెల్లగా ఉన్నాయో!" మంచివి ఏరి ఆవిడ గంపలో వేస్తున్నాను. ఆవిడ ఒక్క నిమిషం నన్ను చూసి, నేను వేసినవన్నీ తిరిగి చేటలో పోసేసింది.

"అంత బాగుంటే నువ్వే తినీయ్ బాబూ," అని నడిచింది. వెనకే ఊరంతా నడిచింది.

నిండు బస్తాలతో భీమిలి చేరాను. అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏటి సేసినావు?"

"ఏమీ చెయ్యలేదత్తా. మంచివి చూపించాను, అంతే."

"అదేరా సెయ్యకూడనిది," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పెరట్లో అక్క కొడుకు నా బస్తాలు లెక్కపెడుతూ ఈల వేస్తున్నాడు.

రెండో శుక్రవారం గట్టి నిర్ణయంతో వెళ్లాను. అత్త మొహం తిప్పుకుంటే నేను ఒళ్లంతా తిప్పేస్తాను! చేటలు వరసగా పెట్టి, సంతకు వీపు పెట్టి, కొండకు ఎదురుగా కూర్చున్నాను. మాట జారకుండా ఇంత కిళ్లీ నోట్లో కుక్కుకున్నాను. వెనక అడుగులు వినపడ్డాయి. కడియాల చప్పుడు దగ్గరగా వచ్చి ఆగింది. సొంబారేనా? తిరిగితే పోతుందేమో. తిరగలేదు. చేటలో చేపలు గలగలమన్నాయి. ఏరుకుంటున్నారు! నా గుండె కూడా గలగలమంది. కాసేపటికి ఎవరో కిసుక్కుమన్నారు. టీకొట్టువాడు "బావా, ఓ బావా, ఇటు సూడెహే!" అని అరిచాడు. నన్ను పరీక్షిస్తున్నారనుకుని కొండనే ఇంకా గట్టిగా చూశాను. కొండ మీద చెట్లన్నీ నాకు ఆరోజే కంఠతా వచ్చాయి.

అప్పుడు సొంబారి గొంతు వినిపించింది. "ఓ బాబూ! మమ్మల్ని సూడొద్దన్నాది గానీ, కుక్కని కూడా సూడొద్దన్నాదేటి మీ ముసిల్ది?"

తిరిగి చూస్తే ఒక నల్లకుక్క పెద్దచేటలో మూతి పెట్టి విందు చేస్తోంది. అరవబోయి కిళ్లీ మింగేశాను. ఎక్కిళ్లు పెడుతూ నేను, నోట్లో కవళ్ల చేపతో అది, అల్లం గంపల మధ్య సంతంతా పరిగెత్తాం. గెలిచింది అదే. రొప్పుతూ తిరిగొచ్చేసరికి సొంబారి నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని నేల మీద కూలబడి ఉంది. కూర్చోనే కూర్చుంది కదా, అలాగే చేట ముందుకు లాక్కుంది. పక్కన ఇంకొకావిడ, ఆ పక్కన మరొకావిడ కూర్చున్నారు. నేను ఎక్కిళ్లు మింగుతూ కొండవైపు తిరిగాను. ఈసారి మొహం మాత్రమే తిప్పాను. చాలాసేపటికి గాజులు చేటకు తగిలాయి.

ఆ సాయంత్రం అత్త అడిగింది: "కూకుందా?"

"కూర్చుందత్తా."

"కొనడానికి కూకుందా, నిన్ను సూసి నవ్వడానికి కూకుందా?"

"ముందు నవ్వడానికి. తర్వాత కొనడానికి."

జరిగిందంతా చెప్తే నవ్వీ నవ్వీ చుట్ట నోట్లోంచి కింద పడిపోయింది. లోపలికి వెళ్లి, చుట్టిన గోనె తెచ్చి నా ఒళ్లో పడేసింది. "దులిపి పరుసుకో. నీ నోటితో పాటు దానికీ కొంత దుమ్మున్నాది."

ఆ గోనె ఇప్పటికి ఎన్నిసార్లు మారిందో గానీ అలవాటు మాత్రం ఒంట్లో ఉండిపోయింది. ఎవరైనా తమకు కావలసింది వెతుక్కుంటుంటే నా మెడ దానంతటదే పక్కకు తిరుగుతుంది. మా అమ్మాయి ఏ కోర్సు చదవాలో తేల్చుకుంటున్న వారమంతా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ గడిపాను. "నాన్నకి మెడ పట్టేసినట్టుంది," అని వాళ్లమ్మతో అందట. అయినా తనకు నచ్చిందే ఎంచుకుంది, బాగానే చదువుతోంది. ఇంతగా వాగే నేను ఆ వారం నోరు మూసుకున్నానంటే, ఆ పుణ్యం నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషిది.

అత్త కిందటి వానాకాలం పోయింది. నిద్రలోనే, చుట్ట ఆరినంత నెమ్మదిగా. ఆ తర్వాతి శుక్రవారం సంతకు వెళ్లాను. సొంబారికి ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. కూర్చుంటూ ప్రతి వారంలాగే అడిగింది, "ముసిల్ది ఎలాగున్నాది?" అని. "నన్ను తిడతన్నాది, అంటే బాగున్నట్టే" అన్నది నా మామూలు జవాబు. ఈసారి అది చెల్లదు. "పోయిందక్కా," అని మాత్రం అని, చేట ముందుకు తోసి, కొండవైపు తిరిగాను. ఎండ కాస్తున్నా కొండ మసగ్గా కనిపించింది.

వెనక చేటలో గలగల ఆగిపోయింది. వెళ్లిపోయారేమో అనిపించి ఓరగా చూశాను. ఎవరూ వెళ్లలేదు. సొంబారి, ఆవిడ పక్కన వాళ్ల ఊరి ఆడవాళ్లు, చేతుల్లో చేపలు అలాగే పట్టుకుని, అందరూ మొహాలు కొండవైపు తిప్పుకుని కూర్చున్నారు. నన్ను నా మానాన వదిలేశారు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటే చేపల ఉప్పు తగిలి ఇంకా నీళ్లొచ్చాయి.

కాసేపటికి నా నోరు నాకు తిరిగి దొరికింది. "అక్కా, అందరూ అటు తిరిగితే ఎలా? కుక్కొస్తే ఎవరు చూస్తారు?"

సొంబారి ఇటు తిరక్కుండానే అంది: "నువ్వు సూడు. లేపోతే ఆ గోనె మీద ముసిల్ది నిన్ను ఊరికే కూకోబెట్టినాదేటి?"