నాలుగో చీటీ

హీబ్రూ పేరే కావాలట. కానీ మన బైబిల్లో ఉన్నట్టు మాత్రం ఉండకూడదట. మా మరదలు ఫోన్లో ఆ మాట అన్నప్పుడే నాకు ఒళ్ళు మండింది. పెళ్ళైన పదకొండేళ్ళకి మా తమ్ముడికి కొడుకు పుట్టాడు, పోనీలే అని నోరు మూసుకున్నాను.

పేరు పెట్టే ప్రార్థన గుడివాడలో వాళ్ళింట్లోనే. ముందురోజే దివిసీమ నుంచి మా నాన్న బందరులో మా ఇంటికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, చంకలో పెద్దక్షరాల బైబిలు. ఆయనకి చదువు రాదు. పక్కింటి కోడలు రోజూ మధ్యాహ్నం ఒక అధ్యాయం చదివి పెడుతుంది. ఆదికాండం మొదలుకుని వరసగా, ఒక్కటీ వదలనివ్వడు.

పొద్దున్న బస్సెక్కి పెడన దాటాక నాన్న అడిగాడు.

"అమ్మాయ్, పిల్లాడికి మా నాన్న పేరు పెట్టమంటే పెడతారంటావా?"

మా తాత పేరు జెకర్యా.

"అడుగుదాంలే నాన్నా" అన్నాను.

"ఆయన పేరు ఎక్కడా రాసిలేదమ్మా. సమాధి మీద కూడా రాయించలేకపోయాను. వీడి పేరుగానైనా ఉంటుంది" అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అక్కడ చూడాలి సంబడం! మరదలు, వాళ్ళమ్మ, మా తమ్ముడు ముగ్గురూ మూడు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే ఒక్కరికీ పట్టలేదు. మా మరదలికి ఈథన్ కావాలి. "ఏతాను అని మన బైబిల్లో ఉందిగా, అదే పెట్టొచ్చుగా" అన్నాను.

"అబ్బే, అది పల్లెటూరి పేరులా ఉంటుంది వదినా" అని ముక్కు విరిచింది. ఈవిడగారు పుట్టింది మాత్రం మహానగరంలోనా? కూచిపూడి పక్కన పల్లెలోనే!

వాళ్ళమ్మగారికి జేడెన్ నచ్చింది. అచ్చమైన హీబ్రూ పేరని ఫోన్లో చదివిందట. ఆవిడకి హీబ్రూ ఒక్క ముక్క వస్తే ఒట్టు. ఏ పుస్తకంలో ఉందండీ అని అడిగితే, "ఉండే ఉంటుందిలేమ్మా, బైబిలంతా మనం చదివామా ఏమన్నా?" అంది. ఆదివారం మొదటి వరసలో కూర్చునే మనిషి!

ఇక మా తమ్ముడు. కొత్తిల్లు కట్టి, గుమ్మం మీద పాలరాయిలో వాక్యం చెక్కించిన భక్తుడు. వాడు ఎవరికీ తెలీకుండా సంఖ్యాశాస్త్రం చెప్పేవాడి దగ్గరికి వెళ్ళొచ్చాడు. 'ఆ'తో మొదలవ్వాలన్నాట్ట. అందుకని ఆషెర్. బైబిల్లో ఆషేరు అని ఉంటుంది. చివర రు కోసేస్తే దానికి హోదా వస్తుంది కాబోలు. సిగ్గులేకపోతే సరి.

నేను నాన్న కోరిక చెప్పాను. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "జెకర్యానా? ఈ రోజుల్లోనా అక్కా?" అన్నాడు తమ్ముడు, నాన్న వినకుండా గొంతు తగ్గించి. ముత్తాతో మరెవరో కాదు, వాడి సొంత తాత! వాడిని భుజాల మీద ఎక్కించుకుని కాలవగట్టు మీద తిప్పిన తాత. లాగి ఒకటి ఇవ్వాలనిపించింది.

మావైపు పేరు కుదరకపోతే ఒక పద్ధతుంది. ఇంట్లోవాళ్ళు కోరిన పేర్లన్నీ చీటీల మీద రాసి బైబిల్లో పెడతారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రార్థన చేశాక ఇంటి పెద్ద ఒక చీటీ తీస్తాడు. ఏది వస్తే అది దేవుడి ఇష్టం. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు. అయ్యగారు వస్తూనే అదే చేద్దామన్నారు. మూడు పేర్లతో పాటు పెద్దాయన చెప్పిన పేరు కూడా, మొత్తం నాలుగు. బళ్ళో తెలుగు చెప్పేదాన్ని, దస్తూరీ బాగుంటుందని రాసే పని నాకు అంటగట్టారు.

లోపలి గదిలో కూర్చుని మూడు చీటీలు విసుక్కుంటూ రాశాను. ఈథన్. జేడెన్. ఆషెర్. ఇవీ ఒక పేర్లే, వీళ్ళూ ఒక మనుషులే అనుకున్నాను. నాలుగోది తీసుకున్నాను. చెయ్యి ఆడలేదు.

మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. నా చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకెళ్ళి ఆ ఇంటి వెనక గేటు దగ్గర నిలబడేదాన్ని. తల నెరిసిన మనిషిని, నా ఈడు పిల్లాడు "ఒరేయ్ జెక్రిగా, పేడ తియ్యరా" అని అరుస్తుంటే, "వస్తన్నా బాబూ" అని తాత పరిగెత్తేవాడు. ఆ పేరు తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఆ కేకే వినిపిస్తుంది. ఈ పసివాణ్ణి ఎవరైనా అలా పిలిస్తే? అసలు అది కూడా సాకేనేమో. బళ్ళో నాతో పనిచేసేవాళ్ళు మేనల్లుడి పేరేంటండీ అని అడిగితే జెకర్యా అని చెప్పాల్సొస్తుందని కూడా అనిపించింది. అనిపించలేదంటే అబద్ధం.

నాలుగో చీటీ మీద ఈథన్ అని రెండోసారి రాశాను. కనీసం బైబిల్లో ఉన్న పేరేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చీటీలు మడిచి బయటికి తెస్తుంటే నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"మా నాన్నది కూడా రాశావామ్మా?"

"రాశాను నాన్నా."

లెక్క చూసుకున్నాడు. నాలుగున్నాయి. తన బైబిల్లో తనే పెట్టుకున్నాడు. అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ కళ్ళు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతూనే ఉన్నాడు. దేన్ని అడుగుతున్నాడో నాకు తెలుసు. ఇవ్వడానికి అది అందులో లేదనీ నాకే తెలుసు.

ఒక చీటీ తీసి అయ్యగారి చేతికిచ్చాడు. "ఈథన్!" అన్నారాయన. మరదలు ఎగిరి గంతేసినంత పని చేసింది. అందరూ చప్పట్లు. నాన్న పిల్లాడి తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువు చిత్తం. చల్లగా ఉండు నాయనా" అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. అంత నమ్మకం ఆయనకి.

ఈ సందట్లో నేను రెండో ఈథన్ చీటీ ఎవరి కంటా పడకుండా బైబిల్లో వెతికి లాగి గుప్పిట్లో పెట్టుకున్నాను. పడకూడని కన్ను పడనే పడింది.

"అదేనా మా నాన్న చీటీ?" అన్నాడు నాన్న దగ్గరికొచ్చి.

గుప్పిట వెనక్కి దాచుకున్నాను.

"నాకివ్వమ్మా. ఆయన పేరు రాసున్నది లోకంలో ఇదొక్కటేగా, దాచుకుంటాను."

ఇచ్చాను. ఏం చెయ్యను? మడత విప్పి, అక్షరాల మీద వేలితో నిమిరాడు. కళ్ళకద్దుకున్నాడు. "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందంటారు అందరూ" అన్నాడు. తర్వాత బైబిలు నా చేతిలో పెట్టి, "జెకర్యా గ్రంథం ఎక్కడుందో తీసి అందులో పెట్టమ్మా" అన్నాడు. తీసి, పెట్టాను.

ఇది జరిగి ఐదు నెలలైంది. తమ్ముణ్ణి, మరదల్ని, వాళ్ళమ్మని ఇప్పుడు ఏమన్నా అందామంటే నాకు నోరు రావడం లేదు. వాళ్ళకి ఆ పేరు వద్దని మొహాన చెప్పారు. నేను రాశానని చెప్పాను.

ఆదివారం ఆదివారం నాన్నకి ఫోన్ చేస్తాను. పిల్లాడి సంగతి చెప్పి, ఆరోగ్యం అడిగి, చివర్లో మాట వరసకన్నట్టు, పక్కింటమ్మాయి ఎందాకా చదివిందని అడుగుతాను. పోయిన నెల యెహెజ్కేలన్నాడు. నిన్న దానియేలు అయిపోయిందన్నాడు. ఆ తర్వాత జెకర్యా దాకా అన్నీ నాలుగైదు పేజీల పుస్తకాలు.

"ఇంకెంతమ్మా, మా నాన్న పుస్తకం వచ్చేస్తుంది. ఆ చీటీ ఆ అమ్మాయి చేత పైకి చదివించుకుంటాను" అన్నాడు.