రామనర్సయ్య తిన్న ముద్ద

పామేడు పక్క ఊళ్ళో ఉండే రామనర్సయ్యకు ఐదు భాషలొచ్చు. తెలుగు, దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ. అడవిలో ఎదురుపడ్డ ఎలుగుబంటిని ఆయన ఐదు భాషల్లో తిట్టాడనీ, ఆరోది మొదలుపెట్టేలోపు అది సిగ్గుతో చెట్టెక్కిందనీ నేను చెబుతుంటాను. బడి మధ్యలో మానేసిన నా మాటకు విలువేంది అంటారు. బడి పూర్తిచేసినవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడుంటే చూపించండి.

అప్పట్లో బస్తరు ఇంకా రాజుగారి రాజ్యం. ఎవరి ఎడ్లు ఎవరి చేలో పడ్డా, ఎవడి పెళ్ళాం ఎవడితో పోయినా, తప్పు వేసేది రామనర్సయ్యే. ఓ పంది, కొన్ని సోలల బియ్యం, కుండెడు ఇప్పసారా. తప్పు పడ్డవాడు వండి పెడతాడు. నష్టపోయినవాడు అతని చేతి తొలి ముద్ద తింటే గొడవ తీరినట్టే. తర్వాత ఆ ఊసెత్తినవాడికే కొత్త తప్పు. దోర్లవాళ్ళు తప్పు అన్నా, తెలుగువాళ్ళు దండుగ అన్నా, హల్బీవాళ్ళు డాండ్ అన్నా పద్ధతి ఇదే. మాటలు మూడైనా కోసేది ఒకే పంది.

ఆ ఏడు, దోర్ల రైతు ఉంగ పోడు కొట్టుకునే కొండవాలు చుట్టూ, ఇక ఇది మా అడవని సర్కారు హద్దురాళ్ళు పాతింది. అతనికున్న భూమి అదొక్కటే. ఎండాకాలం రాగానే ఎప్పట్లాగే చెట్లు నరికి కాల్చాడు. అడవి కాసే నాకేదారు వచ్చి జుర్మానా కట్టమన్నాడు. అదేందని ఉంగ అడిగాడు.

"తప్పేరా. సర్కారుకు కట్టే తప్పు," అన్నాడు రామనర్సయ్య.

ఉంగ ఎడ్ల జత అమ్మి కట్టేశాడు. నాకేదారు చీటీ రాసిచ్చాడు. ఉంగకు కావలసింది చీటీ కాదు. పందిని కోశాడు, అడ్డాకు విస్తళ్ళు కుట్టించాడు, తొలి ముద్దకు నాకేదారును పిలిచాడు. నాకేదారు వాకిట్లోంచే విస్తరి వంక చూశాడు. వీళ్ళింట్లో నేను తింటానా అని హిందీలో నవ్వి వెళ్ళిపోయాడు.

ముద్ద ఉంగ చేతిలోనే ఉంది. ఊరంతా చూస్తోంది. ఆ నవ్వుకు అర్థం తెలిసినవాడు అక్కడ రామనర్సయ్య ఒక్కడే. చెప్పడం ఆయన పని. చెప్పలేదు.

"దొర తన బదులు నన్ను తినమన్నడు," అని చెయ్యి చాపి, ఆ ముద్ద తనే తిన్నాడు.

అబద్ధాలు నేనూ ఆడతాను. అన్నం ముందు కూర్చుని మాత్రం ఆడను.

తొలకరికి ఉంగ అదే వాలు మీద సామలు చల్లాడు. ఒకసారి నాకేదారును కనుక్కొని రమ్మని భార్య నందే పోరింది. తీరినదాన్ని ఎత్తితే నాకే తప్పు పడుతుంది, ఊరుకో అన్నాడు. సామలు మోకాలెత్తు పెరిగాక నాకేదారు ఇద్దరు జవాన్లతో వచ్చాడు. ముద్ద తిన్నది ఇతనే, ఇతన్నే అడగండని ఉంగ రామనర్సయ్యను చూపించాడు. రామనర్సయ్య తనకొచ్చిన హిందీ అంతా వాడాడు, కాళ్ళు కూడా పట్టుకున్నాడు. కట్టిన జుర్మానా ఎండాకాలం నరుకుడుకే, ఈ విత్తనానికి జైలేనని తేల్చారు. చేను పీకించారు. ఉంగ చేతులు కట్టి జగదల్‌పూరు దాకా నడిపించారు.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో కబురొచ్చింది. జైల్లో జ్వరం తగిలి ఉంగ పోయాడట. శవాన్ని అక్కడే పూడ్చేశారట.

రామనర్సయ్య పెద్దమనుషులను వెంటబెట్టుకుని నందే వాకిట్లో కూర్చున్నాడు. తనకు తప్పు వేయమన్నాడు. ఎడ్లు, చేను, ఏం చెబితే అది ఇస్తానన్నాడు. వెయ్యమని పెద్దలూ నచ్చజెప్పారు. నందే ఇప్పపువ్వు ఆరబోస్తూ విన్నది, పని మాత్రం ఆపలేదు.

"వెయ్యను," అంది చివరికి. "ఏస్తే కడతవు మామా. కట్టినంక ఎవరూ ఎత్తొద్దు కదా. నేను ఎత్తుత."

అన్నట్టే ఎత్తింది. సంతలో, పెళ్ళిళ్ళలో, విత్తనాల పండుగలో, ఏనాడూ గొంతు పెంచలేదు. పక్కనున్నవాళ్ళకు ఆయన్ని చూపించి, నా మొగుడి ముద్ద తిన్నది ఈయనే అనేది. ఆమెకు తప్పు వేయడానికి ఎవరికీ నోరు రాలేదు. రామనర్సయ్య ఇంకో తొమ్మిదేళ్ళు బతికాడు. ఒక్క తగువుకూ ఎవరూ పిలవలేదు.

ఆయన పోయిన రోజు నందే కూడా వచ్చింది. కాష్ఠం అంటుకుంటుండగా, చర్ల నుంచి వచ్చిన దూరపు చుట్టాన్ని పక్కకు పిలిచి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.