మా బడికి నీళ్లు మోసిన అవ్వ

మొన్న బడి విడిచే వేళకు దేవరకొండ బస్సు దిగిన గొర్రెల కాపరి ఒకాయన నన్ను గుర్తుపట్టి ఆగాడు. "పంతులూ, అవ్వ పోయింది. నిన్న పొద్దుగాల" అన్నాడు. చేతిలోని పుస్తకాల కట్ట అక్కడే అరుగు మీద పెట్టి కూర్చున్నాను.

ఆమె నాకు బంధువు కాదు. పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు నన్ను వాళ్ల ఊరికి పంతులుగా వేసినప్పుడు బడికి నీళ్లు మోసిన ముసలామె. గొర్లు కాసే ఇంటి మనిషి. దొరలను ఎదిరించే సంఘంలో తిరిగిన ఆమె కొడుకును రజాకార్లు చంపేశారు. ఈ సంగతి ఊరే చెప్పింది, ఆమె ఎన్నడూ చెప్పలేదు.

కుండకు తడిగుడ్డ చుట్టి, చుట్ట ముట్టించి పక్కన కూర్చునేది. పిల్లలు వరుస తప్పితే ముంత దాచేసేది. మొదట్లో మాదిగవాడ పిల్లలకు మాత్రం ఎత్తు నుంచి దోసిట్లో పోసేది. "బడి అందరిదవ్వా, ముంతా అందరిదే" అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అదే ముంత వాళ్ల చేతికీ ఇచ్చింది. గెలిచానని మురిసిపోయాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు.

ఆ వానాకాలంలో ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కూతురిని బడిలో చేర్చింది. తండ్రి రజాకార్లలో తిరిగినవాడు, యాక్షన్ తర్వాతి గొడవల్లో చనిపోయాడు. అప్పటినుంచి ఆ పిల్ల నోరు విప్పడం లేదు. పేరు రాసుకున్నాను. తెల్లారి తల్లి పిల్లను తీసుకొచ్చిన వేళకే ఊరి పెద్దలూ వచ్చారు.

"ఆ పిల్ల కూసుంటే మా పిల్లలు రారు పంతులూ."

నాకు భయమేసింది. "కొన్నాళ్లాగి పంపమ్మా" అని ఆ తల్లితో అన్నది నేనే. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని వెనుదిరిగింది. అప్పుడే వచ్చిన అవ్వ కుండ దించి గడపకడ్డంగా నిలబడింది.

"యాడికి పంపుతున్నవ్ పంతులూ? బడి అందరిదని నాకు జెప్పినోనివి నువ్వే గద?"

పెద్దల్లో ఒకాయన అందుకున్నాడు. "నీ కొడుకును సంపినోళ్ల బిడ్డ అది. యాది లేదా?"

"నాకు యాదిలేకుంటదా? దాని మొకం సూస్తే నా కడుపు మండుతది. నా ఇంట్ల అడుగు పెట్టనియ్య. గని ఇది నా ఇల్లు గాదు, బడి."

పిల్లవైపు చూడకుండానే చాప మీద జాగా చూపించింది. "కూసో."

మర్నాడు ఆరుగురే వచ్చారు. ఆ పిల్ల, అవ్వ మనవరాలు, మాదిగవాడ పిల్లలు నలుగురు. అవ్వ మాత్రం ఎప్పటిలాగే కుండ నిండా నీళ్లు తెచ్చింది. కోతలయ్యేసరికి చాలామంది తిరిగొచ్చారు. కొందరు రానేలేదు. వాళ్లలో బాగా చదివేవాళ్లున్నారు. ఆ బాధ నాకింకా పోలేదు.

అవ్వ ఆ పిల్లను ఒక్కనాడూ మంచిగా పలకరించలేదు. వాళ్ల మధ్య ముంత చేతులు మారేది, అంతే. ఏడాది చివర్లో ఒకరోజు ఆ పిల్ల సన్నని గొంతుతో పాఠం చదివింది. సంతోషం పట్టలేక అవ్వవైపు చూశాను. ఆమె కుండ తోముతోంది. "ఇనబడ్డది తియ్" అంది. తర్వాత తల్లీకూతుళ్లు హైదరాబాదుకు, చుట్టాల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ పైన ఏమయ్యారో తెలియదు.

నేను ఊరూరా తిరిగి పాఠాలు చెప్పాను. 'అందరిది' అన్న మాట ఎన్ని ఊళ్లలో అన్నానో, ఎన్నిచోట్ల గొంతు తగ్గించుకున్నానో. అలసిపోయాను.

పోయినేడు ఆమెను చూడబోయాను. ఇంటి ముందు గొంగడి మీద కూర్చుని ఉంది.

"ఆ దినం గట్లెట్ల నిలబడ్డవ్ అవ్వా?" అని అడిగాను.

"ఏమో పంతులూ. కాళ్లు మాత్రం మస్తు గుంజినయ్" అంది.

నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. సాయంత్రపు మందలు వాగు దాటి ఊళ్లోకి వస్తున్నాయి. లేచిన దుమ్ము ఆమె తెల్లటి జుట్టు మీద వాలింది. దులపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్. ఇంకా ఎనకాల గొర్లున్నయ్."