తాతయ్య నేర్పిన ఊపిరి

బట్టలు ఆరేస్తుంటే కాలువలో పిల్లల కేకల మధ్య ఒక గొంతు ఆగిపోయింది. మా చిన్నదాని గొంతు. అది ఒక్క నిమిషం నోరు మూసుకునే పిల్ల కాదు. తడి చీర అక్కడే పడేసి రేవుకి పరుగెత్తాను.

పిట్టలవానిపాలెం దగ్గర మా అత్తగారి ఊరది. నేను వెళ్ళేసరికి మా బావగారు, అంటే మావారి అన్నయ్య, పిల్లను పైకి లాగారు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఆడడం లేదు. ఆయన దాన్ని తలకిందులుగా భుజాన వేసుకున్నారు. మా వైపు అందరూ చేసేది అదే. మునిగినవాళ్ళను భుజాన వేసుకుని గిరగిరా తిప్పి నీళ్ళు కక్కిస్తారు.

ఆ అలవాటుతోనే మా తాతయ్య జీవితమంతా పోట్లాడారు. ఆయన రేపల్లెలో డాక్టరు. మునిగినవాళ్ళకి నోటితో ఊపిరి పోయడం ఆ చుట్టుపక్కల మొదలుపెట్టింది ఆయనే. 'శవాలకి ముద్దులు పెట్టే డాక్టరు' అని జనం నవ్వేవారు. "ముందు మూతి కడుక్కురండి, కాఫీ తర్వాత" అని అమ్మమ్మ గుమ్మంలోనే ఆపేది. సెలవులకు తెనాలి నుంచి నేను వెళితే, నా రబ్బరు బొమ్మ ముక్కు మూయించి ఊదించేవారు. "నీళ్ళ సంగతి తర్వాత. ముందు ఊపిరి పొయ్యవే!"

పెళ్ళయ్యాక నేను బావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ఏం చెప్పాలన్నా అత్తయ్యతో చెప్పించడమే మా ఇంటి పద్ధతి. ఆ రోజు అరిచాను.

"బావగారూ, దించండి! తిప్పకండి!"

"నీళ్ళు పోవాలి కదమ్మా!"

"దించమంటున్నానా!"

దించారు. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఊదాను. బుల్లి ఛాతీ లేచింది. మళ్ళీ ఊదాను. మళ్ళీ. చివరికి దగ్గింది. పక్కకు తిప్పగానే నీళ్ళు కక్కి, గట్టిగా ఏడ్చింది. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను.

బాపట్ల ఆసుపత్రిలో ఆ రాత్రి ఉంచుకుని, పొద్దున్నే ఫర్వాలేదని పంపించారు. కారు నడుపుతున్న బావగారు మావారితో అన్నారు: "ఒరేయ్, మీ ఆవిడకి ఇంత గొంతుందని ఎప్పుడూ చెప్పలేదేంట్రా!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికి రాగానే పెద్దాడు బిక్కుబిక్కుమంటూ అడిగాడు. "ఇంక కాలవకి వెళ్ళకూడదా అమ్మా?"

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"నేను పక్కన లేకుండా రేవు మెట్టు దిగకూడదు. ఇప్పుడెళ్ళి బొమ్మ తీసుకురండి. ముత్తాతయ్య నాకు నేర్పింది మీకూ నేర్పుతాను. పెదనాన్నను కూడా రమ్మనండి."